నూట పన్నెండో పాట

సోమవారం

కొత్త గుణం కొన్నవాళ్లు, దాన్ని తిరిగి ఇవ్వాలనుకుంటే, వారం రోజులు రాసి చూపించాలట. అందుకే రాస్తున్నాను. లేకపోతే నాకు రాసే అలవాటు లేదు.

ముందు నిన్నటి పొద్దు గురించి చెప్పాలి. మామూలు పొద్దే.

ఆదివారాలు నేను దీపాల కంటే ముందే లేస్తాను. మేముండే ఈ పాత గనిలో తెల్లవారడం అంటే కమిటీ వాళ్లు దారి దీపాలు వెలిగించడమే. అప్పటికి గోడలకు చెమట బాగా పట్టి ఉంది. పాత చీర ముక్కతో పైనుంచి కిందికి తుడిచి, రేకు కాలువలోకి పిండాను. ఇల్లు తుడవడానికి సరిపడా నీళ్లు వచ్చాయి. పుట్టగొడుగుల అరల్లో వరిగడ్డి తడి ఆరిందేమోనని వేలు పెట్టి చూశాను. గాలి గొట్టం జాలీకి పట్టిన నల్లదుమ్ము దులిపాను. గుమ్మం పక్కన ఎర్రబల్బు వెలుగుతోంది. పైన ఎండ చంపేట్టుందనీ, ఎవరూ ఇంక్లైన్ వాలుదారి ఎక్కి నేల మీదికి పోవద్దనీ దాని అర్థం. వేసవి మొదలయ్యాక అది ఆరింది లేదు. జొన్నరొట్టెలు చేసి గుడ్డలో చుట్టి పెట్టాను.

ఇంట్లో ముగ్గురం. నేను పెద్దదాన్ని. తమ్ముడు ఏలియా, భార్య పోయాక ఇక్కడే ఉంటున్నాడు. ఆఖరుది సలోమి, పైవరస బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. వీళ్లిద్దరినీ నేనే పెంచాను.

ఏలియా అప్పటికే గోడపెట్టె ముందు కూర్చున్నాడు. పెట్టెలో 'మనసంత' అనే బజారు తెరిచి ఉంది. అందులో సామాన్లు, ఇండ్లు, మనుషుల గుణాలు అన్నీ వేలం పాటకొస్తాయి. అమ్మేవాడి దగ్గర గుణం తీసేస్తారు; కొన్నవాడికి రాత్రి దిండులోంచి ఎక్కుతుంది.

"ప్రార్థన టైమయింది. బందు చెయ్" అన్నాను.

"ఆగక్కా. బేరమాడే గుణం పాటకొచ్చింది. గసుంటిది మళ్ల దొరకదు."

"పోయినసారి కొన్నదేమైందన్నా?" అంది సలోమి రొట్టె తుంచుతూ.

"అది పొదుపు. నాకు పడలేదు, తిరిగి పంపిన."

"పొదుపు కొననీకి ఉన్నదంత ఊడ్చిపెడితివి. ఇంక పొదుపు చేసేదేమున్నది, ఎట్ల పడ్తది?"

ఏలియా నవ్వాడు. వాడికి వస్తువుతో పని లేదు. పదిమందిలో పాట గెలిస్తే చాలు. సలోమి అట్లా కాదు, ఎవరైనా మొహం చిన్నబుచ్చుకుంటే చాలు, వాళ్లకేదో ఒకటి కొని పెడుతుంది. నేను కొనను. రూపాయి చేతిలో ఉంటే తలుపుకు గడియ వేసినట్టు ఉంటుంది నాకు. ఎవరి తీరు వాళ్లది.

వాడు పెట్టె బందు చేయలేదు. పక్కకు జరిగి కూర్చున్నాడంతే. నేను కీర్తనల పుస్తకం తెరిచాను.

"నూట పన్నెండో పాట పాడుకుందాం" అన్నాను.

పాడుకున్నాం. మధ్యలో పెట్టె ఒకసారి గంట కొట్టింది. వాడిదేదో అనుకున్నాను. ప్రార్థన చేసుకుని రొట్టెలు తిన్నాం. రాత్రి దిండు గోరువెచ్చగా తగిలింది. సలోమి ఎండలో వేసిందేమో అనుకున్నాను. ఎండ ఎక్కడిది ఇక్కడ? నిద్రమత్తులో అట్లా అనిపించింది.

ఈ పొద్దున కళ్లు తెరిచేసరికి ఊపిరి ఆడలేదు. ఇంట్లో ఎవరో ఉన్నట్టు, ఇప్పుడే ఏదో జరగబోతున్నట్టు. నాకు యాభై దాటాయి. అమ్మ పోయినప్పుడు, గాలి ఆగిపోయి అందరం నేల మీద పడుకున్నప్పుడు కూడా నాకిట్లా కాలేదు.

ఏలియా పెట్టె చూసి నెత్తి పట్టుకున్నాడు.

"అక్కా, నువ్వు నూట పన్నెండో పాట పాడుకున్నవ్!"

"అవును. అందరం పాడుకున్నాం గద."

"గా పాట కాదే! సంతల నూట పన్నెండో పాట. మొన్నటి సంది నోటితోటి పాడొచ్చని పెట్టిండ్రు. నువ్వు పాడుకుందాం అన్నవ్, అది పాట కొట్టేసింది. ఇల్లు నీ పేరు మీదున్నది, గొంతు నీది."

"మళ్లీ ఒకసారి అడగొద్దా?"

అదే మాట పెట్టెను అడిగాం. అది మర్యాదగా జవాబు చెప్పింది. మార్తమ్మ గారి గొంతులో ఎన్నడూ తడబాటు లేదు, స్థిమితం గలవారిని రెండోసారి అడగము, అని. ఏలియాను మాత్రం ప్రతి పాటకూ పదే పదే అడుగుతుంది, పాట కొట్టేముందు ఒక రాత్రి ఆగమంటుంది. వాడి ఖాతా మీద 'తొందర మనిషి' అని ఉంది.

నేను కొన్నదాని మీద ఇట్లా రాసి ఉంది: 'జాగరూకత. ఒక్కరే వాడినది. మంచి స్థితి.'

"జాగరూకత కాదు, మట్టి కాదు" అన్నాడు ఏలియా. "భయం. భయమని రాస్తే ఎవలు కొంటరు? ఎన్నాళ్ల సందో పడి ఉన్నది, ఒక్కరు పాడలే. నీకు అగ్గువకే వచ్చింది తియ్."

వాడు నన్ను నవ్వించాలని అన్నాడు. నేను పైకప్పు వైపు చూస్తున్నాను. ఎందుకో తెలియదు.

మంగళవారం

ప్రార్థన కుదరలేదు. 'తండ్రీ' అన్నాక మాట ముందుకు పోవడం లేదు. ఆ మాట దగ్గరే చాలాసేపు కూర్చున్నాను.

ఒక సంగతి గమనించాను. ఈ భయానికి ఒక చోటు ఉంది. సంతబజారుకు పోతే లేదు. లిఫ్టులో లేదు. దీపాలు లేని పాత సొరంగంలో పుట్టగొడుగుల గడ్డి తేవడానికి పోయాను, అక్కడా లేదు, పాత మార్తమ్మలాగే నడిచి వచ్చాను. మా వరస మలుపు తిరిగేసరికి మళ్లీ మొదలు. పక్కింటి రాజక్క గుమ్మం దగ్గర మెడ దానంతట అదే లోపలికి ముడుచుకుంటుంది. మా వంటింట్లో నిలబడితే కాళ్లు బయటికి లాగుతాయి. రొట్టె పెనం మీద వేసి బయటికి వచ్చేశాను. మాడిపోయింది.

రాజక్క గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది.

"ఏంది మార్తక్కా, కొన్న భయం ఎట్లున్నది? ఒంటికి మంచిగ కూర్చున్నదా, కుట్లు విప్పాలెనా?"

"బిగుతుగా ఉంది రాజక్కా."

"మాకు ఫుకట్ల ఉన్నది, నీకు కొనాల్సొచ్చింది. గొప్పోల్లమ్మా మీరు!"

వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆమె తల పైన ఉన్న రాతిని చూశాను. అక్కడ నున్నగా ఉంది. ఏమీ లేదు. అయినా ఆమెను చేయి పట్టి లేపి అవతలికి లాగాలనిపించింది. లాగలేదు. సిగ్గుపడ్డాను.

సాయంత్రం సలోమి పెట్టె ముందు కూర్చుంది. "అక్కా, ధైర్యం ఉన్నది పాటకు. ఎవరో పోలీసాయనది. నేను కొనిస్త నీకు."

"వద్దు."

"డబ్బుల సంగతి కాదక్కా. నిన్నిట్ల చూడలేకపోతున్న."

"వద్దు సలోమీ. దీని మీద ఇంకోటి వేస్తే, ఏది ఎందుకు వచ్చిందో నాకు తెలియకుండా పోతుంది."

అది ఏడ్చింది. దానికి ఇవ్వడానికి ఏమీ లేకుండా చేశానని బాధ.

బుధవారం

ఈ పొద్దున వంటింటి గోడ తుడుస్తుంటే రాతిలో చప్పుడైంది. ఎండిన బఠాణీ పగిలినట్టు, అంతే. ఏలియా, సలోమి కూడా విన్నారు. ఏలియా రొట్టె నములుతూనే ఉన్నాడు. "రాయి గద, చల్లబడ్డప్పుడు అంటది" అన్నాడు. పోయిన వారమైతే నేనూ అదే అనేదాన్ని. బహుశా అన్నాను కూడా. నేను మాత్రం బకెట్ అక్కడే వదిలేసి దారి మీదికి పరుగెత్తాను. తల మీద కొంగు లేదు, కాళ్లకు చెప్పులు లేవు.

కమిటీ ఆఫీసుకు పోయాను. అక్కడ కూర్చునే పిల్ల మంచిదే. కుర్చీ వేసింది.

"మా వరస కప్పు బాగోలేదమ్మా. ఎవరినైనా పంపించండి."

ఆ పిల్ల పెట్టెలో చూసింది. "మార్తమ్మ గారు... మీ పేరు మీద జాగరూకత కొనుగోలు ఉన్నదమ్మా, అంటే భయమే, ఆదివారం నాడు."

"ఉంది."

"భయం కొన్నోల్ల ఫిర్యాదు తీసుకోవద్దని మాకు రూలమ్మా. అందరికీ గట్లనే అనిపిస్తది కొత్తల. ఆదివారం తిరిగి ఇచ్చెయ్యండి. ఇచ్చినంక కూడ మీకు గట్లనే అనిపిస్తే రండి, రాసుకుంట."

"ఇచ్చాక నాకేమీ అనిపించదు గద, తల్లీ."

ఆ పిల్ల మళ్లీ పెట్టె వైపు చూసింది. "కప్పు తట్టే మొగిలయ్య ఉన్నడు గదమ్మా. మీ వరసంతా మంచిగున్నదని మొన్ననే చెప్పిండు."

ఆ పేరు వినగానే అతని నడక గుర్తుకొచ్చింది.

మొగిలయ్య ఇనుపకడ్డీతో వరస వరసకూ కప్పు తట్టి చూసే మనిషి. మా వరసకు వచ్చినప్పుడల్లా మెడ ముడుచుకుని నడిచేవాడు. రాజక్క గుమ్మం దగ్గర అడుగు వేగం పెంచేవాడు. చాయ్ ఇస్తానంటే, "బయట ఇయ్యక్కా, దారి మీద తాగుత" అనేవాడు. లోపల ఒక్కసారి కూడా కూర్చోలేదు. మర్యాద అనుకున్నాం. మడి ఏమోనని ఏలియా ఎగతాళి చేసేవాడు.

నా మెడలో ఉన్నది మొగిలయ్య భయం.

గురువారం

మొగిలయ్య కోసం వెతుక్కుంటూ పోనక్కర్లేకపోయింది. మా వరసలోనే ఉన్నాడు. రాజక్క గుమ్మం అరుగు మీద కాళ్లు చాపుకుని, గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. పక్కన కడ్డీ. మనిషి ఒళ్లు చేశాడు. మొహంలో మెరుపు వచ్చింది.

"మొగిలయ్యా."

"ఏందక్కా! కూసో. చల్లగున్నదిక్కడ."

నేను దారి మీదే నిలబడ్డాను. "నీ భయం అమ్ముకున్నావా?"

"ఎవలు చెప్పిండ్రు?" అని నన్ను పైనుంచి కిందికి చూశాడు. మెడ చూశాడు. గుర్తుపట్టాడు. "అయ్యో. నువ్వా కొన్నది?"

"నేనే. తెలియక."

"తప్పయిందక్కా. ఎవలో దూరపోల్లు కొంటరనుకున్న." నిజంగానే బాధపడ్డాడు, కానీ ఆ బాధ ఎంతోసేపు నిలవలేదు. "ఏం చెయ్యాలె మరి. ఇన్నేండ్లు నిద్ర లేదు నాకు. కన్ను మూస్తే కప్పు కూలుతది. పెండ్లాం పక్కల పండుకోదు, అరుస్తున్ననని. బువ్వ దిగదు. ఇప్పుడు చూడు, ఎట్లున్న?"

"బాగున్నావు."

"మంచిగున్న. ఏమనిపిస్తలేదు."

"ఇక్కడ ఒకసారి తట్టి చూపిస్తావా?"

లేచాడు. కడ్డీ ఎత్తి రాజక్క గుమ్మం పైన తట్టాడు. తర్వాత నాలుగడుగులు వేసి మా వంటింటి పైన తట్టాడు. చెవి ఒగ్గి విన్నాడు. ఎన్నాళ్ల పనితనమో అది, ఎటూ పోలేదు.

"ఏమంటోంది?"

"డొల్లగ మోగుతున్నదక్కా" అన్నాడు, పుచ్చకాయ గురించి చెప్పినట్టు. "పైపొర లోపలి రాయిని ఇడిసిపెట్టింది. గక్కడి సంది గిక్కడి దాకా. పోయిన నెలకు ఇప్పటికి ఇంకింత జరిగింది."

"అంటే?"

"అంటే ఏమున్నది, పడ్తది."

"ఎప్పుడు?"

"అది రాయి ఇష్టం. గిసుంటిది మూడో గనిల చూసిన నేను. వానలు పడేదాక ఆగలే."

"మరి బాగుందని చెప్పావట?"

మొగిలయ్య ఆలోచించాడు. దాచడానికి కాదు, నిజంగానే ఆలోచించాడు. "మంచిగున్నదా లేదా, గదొక్కటే అడుగుతరక్కా. ఎన్కట మోగంగనే భయమయ్యేది. మంచిగ లేదని ఉరికిపోయి చెప్పేటోన్ని. గీడ ముందు అనుమానమే ఉండె, మోగుడు భయం అమ్మినంకనే షురువైంది. ఇప్పుడు ఏమైతలేదు. ఏమైతలేదంటే మంచిగున్నట్టే గద?"

అని మళ్లీ అక్కడే, అదే రాతి కింద, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఇంత భయంకరమైన దాన్ని నేను ఎక్కడా చూడలేదు.

"నీ భయం తిరిగి తీసుకో మొగిలయ్యా. పైసలేమీ వద్దు."

"వద్దక్కా" అన్నాడు, చాలా మెల్లగా. "కాళ్లు మొక్కుత. అదొక్కటి అడగకు."

నేను అడగలేదు. ఆ భయం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నాలుగు రోజులకే నేను ఇట్లా అయిపోయాను. అతను సగం జీవితం మోశాడు.

"నాకు చెప్పింది నలుగురి ముందు చెబుతావా?"

"చెప్త. నాదేం పోయింది?"

శుక్రవారం

పగలంతా ఇంట్లోకి పోలేదు. గోడలు సలోమి తుడిచింది. తుడుస్తున్నంతసేపూ గుమ్మంలో నిలబడి 'త్వరగా, త్వరగా' అంటూనే ఉన్నాను. ఇంతకుముందు నా నోట ఆ మాట ఎవరూ వినలేదు.

సాయంత్రం వరస మలుపు అవతల, దీపం కింద ముగ్గురం కూర్చున్నాం. మొగిలయ్య చెప్పింది చెప్పాను.

ఏలియా మొదట ఒప్పుకోలేదు. "అక్కా, ఆదివారం దాక ఆగు. భయం తిరిగిచ్చెయ్. అప్పుడు నిమ్మలంగ ఆలోచిద్దాం."

"ఇచ్చేస్తే ఎక్కడికి పోతుందది? పెట్టెను అడుగు."

చేతిపెట్టె తీసి అడిగాడు. అమ్మినవారు తిరిగి తీసుకోకపోతే సరుకును చెరిపేస్తాము, అంది.

"విన్నావా? ఈ కప్పు గురించి భయపడే మనిషి ఈ గని మొత్తానికి నేనొక్కదాన్నే. ఆదివారం నాడు ఇచ్చేస్తే నాకు హాయిగా నిద్ర పడుతుంది. ఎక్కడ పడుకుంటాను? ఆ వంటింటి పక్కనే. మీరిద్దరూ నా పక్కనే."

ఏలియా చేతిపెట్టె మూసేశాడు. సలోమి నా భుజం మీద చెయ్యి వేసింది.

"మనం పోదాం సరే" అంది సలోమి. "బడి ఉన్నది పైన. ఉక్కపోస్తది గని అది గట్టి కప్పు. మరి రాజక్క వాళ్లు? వరసల ఇంత మందిమి. చెప్తే ఇంటరా?"

"వినరు. నిన్న రాజక్కకు చెప్పాను. కుట్లు విప్పించుకోమంది."

"భయమంటే ఎవలూ ఇనరు" అన్నాడు ఏలియా. నేల చూస్తున్నాడు. తర్వాత తల ఎత్తాడు. వాడి కళ్లలో సంత వెలుగు కనిపించింది. "ధర పడ్డదంటే ఇంటరు."

"ఏంది?" అంది సలోమి.

"మన ఇల్లు పాటకు పెడదాం. ఉన్నదున్నట్టు చెప్పి. కప్పు డొల్ల, పడ్తది, మొగిలయ్య సాక్ష్యం అని. ఎవలు పాడ్తరు? ఒక్కరు పాడరు. ధర దిగుకుంట సున్నాకు పోతది. వరసంత ఒకటే కప్పు గద, సంత వరసకంత ఒకటే ధర కడ్తది. మనది సున్నా అయితే రాజక్కది సున్నా. ప్రాణం పోతదంటే నవ్విండ్రు గని, ఇంటి ధర పోతదంటే చంకల పిల్లగాండ్లతోటి ఉరుకొస్తరు. కమిటీ గూడ వస్తది, ఆళ్ల ఇండ్లు ఎన్క వరసల్నే ఉన్నయి."

సలోమి వాడి మొహంలోకి చూసింది. "అన్నా, అది అక్క ఇల్లు. తినీ తినక కట్టుకున్నది. సున్నాకు పోతే ఇంక మళ్ల లేవదు."

"అందుకే అక్కనే చెప్పాలె" అన్నాడు వాడు. గొంతు తగ్గించాడు. "నేను చెయ్యను. వద్దంటే ఇంకోటి చూద్దాం."

ఇద్దరూ నా వైపు చూశారు. చెప్పాలంటే, కప్పు మీది భయం కాక అప్పుడు ఇంకొకటి వచ్చింది. అది మొగిలయ్యది కాదు, నాదే. గడియ లేని తలుపు వెనక పడుకోవాలన్న భయం. రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. ఏది పెద్దదో చూసుకున్నాను.

"పెట్టు" అన్నాను.

ఈ సాయంత్రం మేము నిర్ణయించుకున్నవి ఇవి. ఈ రాత్రికే పక్కలు ఎత్తి బడికి పోతాం. ఇల్లు పొద్దున దీపాలు వెలిగేసరికి పాటకు వస్తుంది. వివరం ఏలియా రాస్తాడు, ఒక్క అక్షరం ఎక్కువగానీ తక్కువగానీ రాయడు. మొగిలయ్యను సలోమి పిలుచుకొస్తుంది, అతన్ని కప్పు కింద కూర్చోనివ్వదు. భయం తిరిగి ఇవ్వడం లేదు. రేపటి నుంచి మొగిలయ్య కడ్డీతో తట్టి మోత చెబుతాడు, పక్కన నేను నడుస్తాను. సలోమి ఈ భయంలో సగం తనకు పంచమని అడిగింది. ముందు ఈ వరస ఖాళీ కానివ్వమన్నాను.

ధర పడేలోగా కప్పు పడితే ఏం చేయాలని కూడా మాట్లాడుకున్నాం. అందుకని పక్కలు ఎత్తే ముందే ఇప్పుడే ఇల్లిల్లూ తలుపు తట్టబోతున్నాం. ఏలియా ముందు నడుస్తానన్నాడు. సలోమి వద్దంది. "నువ్వు ఎప్పుడూ ఉరుకుతనే ఉంటవ్, నిన్ను చూసి ఎవలు లేస్తరు? అక్కను ముందు నిలబెట్టు" అంది. వరసలో అందరూ నన్ను చిన్నప్పటి నుంచీ బెదరని మనిషిగానే చూశారు. తలుపు తీసినప్పుడు నేను ముందు ఉండాలని, చేతులు వణికితే వణకనివ్వాలని అనుకున్నాం.